శక్తి ఒక్కసారే: పెన్నా ఒడ్డున తెలుగైన అస్త్రాల నియమావళి

కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు పొద్దు గుంకినా యుద్ధం ఆగలేదు. సైంధవుణ్ణి పోగొట్టుకున్న కసి కౌరవులది, ప్రతిజ్ఞ నెగ్గిన ఊపు పాండవులది. దివిటీలు వెలిగించుకుని మరీ నరుక్కుంటున్నారు. చీకటి పడితే రాక్షసుల బలం పెరుగుతుంది. ఆ అదను చూసి కృష్ణుడు ఘటోత్కచుణ్ణి కర్ణుడి మీదికి పంపాడు. ఘటోత్కచుడు కొండంత ఎదుగుతాడు, కళ్లముందే మాయమవుతాడు, ఆకాశం నుంచి బండలూ ఆయుధాలూ కురిపిస్తాడు. నిలవలేకపోయిన కౌరవసేన కర్ణుణ్ణి చుట్టుముట్టింది. నీ దగ్గరున్న ఇంద్రశక్తి ఇప్పుడు వెయ్యకపోతే తెల్లారేదాకా బతికేదెవరని నిలదీసింది.

ఆ శక్తి కర్ణుడికి ఊరికే రాలేదు. పుట్టుకతో వచ్చిన కవచకుండలాలను ఒలిచి ఇంద్రుడి చేతిలో పెట్టి, బదులుగా తెచ్చుకున్నాడు. ఇచ్చేటప్పుడే ఇంద్రుడు షరతులు చెప్పాడు. ఒక్కసారే పనిచేస్తుంది. ఒక్క శత్రువునే చంపుతుంది. ఆ వెంటనే తన దగ్గరికి తిరిగి వచ్చేస్తుంది. వేరే ఆయుధాలు చేతిలో ఉండగా, ప్రాణం మీదికి రాకుండానే తొందరపడి వేస్తే వేసినవాడి మీదే పడుతుంది. కర్ణుడు ఆ షరతులకు ఒప్పుకుని, అర్జునుడి పేరు మనసులో రాసుకుని, ఏళ్ల తరబడి దాన్ని దాచాడు. ఆ రాత్రి ఘటోత్కచుడి మీద వేసేశాడు. ఘటోత్కచుడు కూలుతూ కూలుతూ ఒళ్లు పెంచి కౌరవసేనలో ఒక అక్షౌహిణిని కింద వేసుకుని చచ్చాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు మాత్రం పట్టలేని సంతోషంతో అర్జునుణ్ణి కావలించుకున్నాడు. ఆ క్షణం నుంచి అర్జునుడి ప్రాణానికి పెద్ద గండం తప్పింది.

తెలుగువాళ్లు ఈ ఘట్టాన్ని తమ భాషలో చదువుకున్నది నెల్లూరు కవి చేతి మీదుగా. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన తెలుగు చోడ రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన, విరాటపర్వం మొదలు స్వర్గారోహణం దాకా పదిహేను పర్వాలు తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. నన్నయ ఆది, సభాపర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. కనుక భారతయుద్ధం మొత్తం తిక్కన వంతుకే వచ్చింది. ద్రోణపర్వం, కర్ణపర్వం, సౌప్తికపర్వం - అస్త్రాలన్నీ పేలేది ఆ భాగంలోనే. కోవూరు పక్కన పాటూరు తిక్కన కుటుంబపు ఊరని నెల్లూరు వాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఫాంటసీ ఆటలు తయారుచేసేవాళ్లు గత యాభై ఏళ్లుగా ఒక ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు: మంత్రశక్తికి హద్దు ఎక్కడ గీయాలి? మన కుర్రవాళ్లు దానికి జవాబుల కోసం అమెరికా పుస్తకాలూ జపాన్ ఆటలూ వెతుకుతున్నారు. వెతకడం మంచిదే. కానీ ఆ ప్రశ్నకు ఉన్న జవాబుల్లో చాలా గట్టివి ఏడు వందల ఏళ్లకు పైగా పెన్నా ఒడ్డు తెలుగులో ఉన్నాయి. ఆ మాట చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ ఆటల సంగతి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను విడుదల చేశారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. పని నెగ్గిందా లేదా అన్నది చాలాసార్లు పాచికలు తేలుస్తాయి. రోల్ ప్లేయింగ్ గేమ్ అన్న మాట ఈ ఆటతోనే స్థిరపడింది. కంప్యూటర్లలో, ఫోన్లలో ఇవాళ ఆడే ఫాంటసీ ఆటల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉంది.

ఆ బల్ల దగ్గర మొదటి చిక్కు మాంత్రికుడితో వచ్చింది. కత్తి పట్టినవాడు వెయ్యి వేట్లు వేసినా ఒక్కొక్కరినే నరుకుతాడు. మాంత్రికుడు ఒక్క మాటతో గది మొత్తం కాల్చేస్తే మిగిలిన ఆటగాళ్లకు పనేముంది? గైగాక్స్ దానికి మందును ఒక రచయిత దగ్గర తెచ్చుకున్నాడు. జాక్ వాన్స్ 1950లో రాసిన ది డయింగ్ ఎర్త్ కథల్లో మాంత్రికులు మంత్రాన్ని కష్టపడి బుర్రకెక్కించుకుంటారు. ప్రయోగించగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ పుస్తకం ముందు కూర్చోవాలి. తొలినాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాంత్రికుడు కూడా అంతే. పొద్దున సిద్ధం చేసుకున్న మంత్రాలే ఆ రోజు అతని చేతిలో ఉండేవి, వాడిన మంత్రం ఖర్చైపోయేది. కొత్తగా మొదలుపెట్టినవాడికి రోజుకు ఒకే ఒక్క మంత్రం ఉండేది.

రెండో దారి సైన్స్ ఫిక్షన్ రచయిత ల్యారీ నివెన్ చూపించాడు. 1969లో వచ్చిన ఆయన కథలో మంత్రశక్తి భూమిలో ఉండే నిల్వ. వాడుతూ పోతే ఆ చోట అడుగంటుతుంది. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ ఆటలో మంత్రం వేసిన ప్రతిసారీ పాత్ర శక్తి నుంచి కొన్ని అంకెలు తరిగిపోయేవి. జపాన్‌లో 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్ ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. ఈనాడు చాలా ఫాంటసీ ఆటల్లో తెర మూలన కనిపించే నీలి గీత ఆ లెక్కే.

ఇవన్నీ తెలివైన ఏర్పాట్లే, కాదనను. అయితే రెండూ పరిమాణం లెక్కలు: ఎన్నిసార్లు, ఎంత ఖర్చు. భారతంలో అస్త్రాల హద్దులు అంతకంటే చాలా దూరం పోతాయి. ఎవరి మీద, ఏ సమయంలో, ఏ మనసుతో, ఏ అర్హతతో, వేశాక ఎవరు భరించాలి - ఇన్ని ప్రశ్నలు అడుగుతాయి. ఈ నియమాలను కల్పించింది తిక్కన కాదు, మూలం వ్యాసుడిదే. వాటిని మనుషుల మాటల్లో, ఎదురెదురు సంభాషణల్లో, పాత్రలు కళ్లముందు నిలబడి వాదించుకుంటున్నట్టు తెలుగు చేయడం తిక్కన గొప్పతనం. ఆట రాసేవాడికి కావలసింది సరిగ్గా అదే. నియమం పుస్తకంలో నిద్రపోకూడదు, పాత్ర నోటి నుంచి రావాలి.

ఇంద్రశక్తినే చూడండి. ఒకేసారి పనిచేసే ఆయుధం చేతిలో ఉన్నవాడు ఏం చేస్తాడు? దాస్తాడు. ఆటలాడేవాళ్లకు ఈ అలవాటు బాగా తెలుసు. అరుదైన ఔషధం దొరికితే, ఇంకా పెద్ద ఆపద వస్తుందేమోనని దాచిదాచి, ఆట అయిపోయినా సంచిలో అలాగే ఉంచేస్తారు. కర్ణుడిదీ అదే అవస్థ. ఘటోత్కచుడు పోయాక సాత్యకి కృష్ణుణ్ణి అడుగుతాడు, ఇన్నాళ్లూ ఆ శక్తిని అర్జునుడి మీద ఎందుకు వెయ్యలేదని. రేపు అర్జునుడి మీదే వెయ్యమని కౌరవులు రాత్రిళ్లు కర్ణుడికి నూరిపోసేవాళ్లట, తెల్లారి యుద్ధంలోకి దిగేసరికి కర్ణుడు మరిచేలా తానే మోహపెట్టానని కృష్ణుడు చెబుతాడు. ఆ భయంతో తనకు నిద్ర లేదని కూడా అంటాడు. ఒక ఆయుధం వాడకముందే ఇంత కథ నడిపింది. ఎదుటి పక్షం వ్యూహం మొత్తం దాని చుట్టూ తిరిగింది. ఒక మనిషి ప్రాణం ఎర వేస్తే గానీ అది బయటికి రాలేదు. శక్తి అపారమై ఉంటే ఈ కథలో ఒక్క ముక్క కూడా పుట్టేది కాదు.

ఇక్కడ తెలుగు సాహిత్యచరిత్రలో ఒక విచిత్రం ఉంది. కర్ణుడు కుండలాలు కోసి ఇచ్చి శక్తి పుచ్చుకున్న కథ అరణ్యపర్వం చివర వస్తుంది. నన్నయ అక్కడి దాకా రాలేదు, తిక్కన దాన్ని ముట్టుకోలేదు. ఆ భాగం పూర్తిచేసింది 14వ శతాబ్దంలో ఎర్రన. ఆయనా ఈ ప్రాంతంవాడే, కందుకూరు సమీపంలోని గుడ్లూరు ఆయన ఊరని చెబుతారు. అంటే తెలుగు భారతంలో శక్తిని విసిరిన ఘట్టం ముందు రాయబడింది, శక్తిని సంపాదించిన ఘట్టం తరవాత రాయబడింది. మధ్యలో తరాలు గడిచాయి. అయినా అతుకు కనిపించదు. నియమం అంత స్పష్టంగా ఉంది కాబట్టే ఒకరు వాడేసిన ఆయుధాన్ని మరొకరు వెనక్కి వెళ్లి అమర్చగలిగారు. ఒకే ఆటప్రపంచాన్ని పదిమంది రచయితలు పంచుకుని రాసే స్టూడియోలకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

నారాయణాస్త్రం దారి వేరు. ద్రోణుడు చచ్చాడని తెలిసి అశ్వత్థామ దాన్ని సంధించాడు. ఎదిరించేకొద్దీ పెరుగుతుంది అది. ఆయుధం పట్టినవాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. ఆయుధం కింద పెట్టి, వాహనం దిగి నిలబడినవాణ్ణి తాకదు. కృష్ణుడు ఆ సంగతి చెప్పగానే సేన మొత్తం దిగిపోయింది. భీముడు దిగనన్నాడు. గద పట్టుకుని అస్త్రం మీదికే పోయాడు. అస్త్రం మంటలన్నీ అతని మీదికి తిరిగాయి. చివరికి కృష్ణార్జునులు పరుగెత్తుకెళ్లి రథం మీద నుంచి కిందికి లాగి, చేతిలో ఆయుధం గుంజేస్తే గాని అది చల్లారలేదు. మళ్లీ వెయ్యమని దుర్యోధనుడు అడిగాడు. రెండోసారి వేస్తే వేసినవాణ్ణే చంపుతుందని అశ్వత్థామ చెప్పాడు.

ఏ ఆటలోనైనా ఆటగాడు ఏదో ఒకటి చెయ్యాలనుకుంటాడు. అందుకోసమే వచ్చి కూర్చున్నాడు. ఏమీ చెయ్యకుండా నిలబడటమే గెలుపు అన్న నియమం పెట్టాలంటే రాసేవాడికి గుండె ధైర్యం కావాలి. ప్రతి బల్ల దగ్గరా ఒక భీముడు ఉంటాడు, వాడు గద దించడు. అప్పుడు మిగిలిన ఆటగాళ్లు శత్రువుతో కాదు, తమ స్నేహితుడితో కుస్తీ పట్టి కిందికి లాగాలి. ఆ కొన్ని నిమిషాల్లో పుట్టే ఆట ఏ అగ్నిగోళం విసిరినా పుట్టదు.

శ్రుతాయుధుడి కథ చిన్నది. తండ్రి వరుణుడు అతనికి గద ఇచ్చాడు. యుద్ధం చెయ్యనివాడి మీద వెయ్యకు, వేస్తే తిరిగి నీ మీదే పడుతుందన్నాడు. శ్రుతాయుధుడు పోరులో ఒళ్లు తెలియక దాన్ని కృష్ణుడి మీద వేశాడు. కృష్ణుడు ఆయుధం పట్టనని మాట ఇచ్చి పగ్గాలు పట్టినవాడు. గద వెనక్కి తిరిగింది, శ్రుతాయుధుడు చచ్చాడు. నియమం చెప్పడం, మరవడం, చెల్లించడం - అంతే కథ. సైంధవుడి తండ్రి ఇంకా చక్కగా తన గొయ్యి తానే తవ్వుకున్నాడు. నా కొడుకు తల నేల మీద పడేసినవాడి తల పగలాలని వరం పెట్టాడు. కృష్ణుడు చెప్పినట్టు అర్జునుడు బాణాలతో ఆ తలను నేల తాకకుండా తీసుకుపోయి, సంధ్యవార్చుకుంటున్న ఆ తండ్రి ఒళ్లోనే పడేశాడు. ఆయన లేచి నిలబడ్డాడు, తల కింద పడింది. షరతు చదివి అందులోని సందు పట్టుకోవడం తెలివైన ఆటగాడి మొదటి లక్షణం. కృష్ణుడు చేసింది అదే.

కర్ణుడి మీద మరో హద్దు కూడా ఉంది. అబద్ధం చెప్పి పరశురాముడి దగ్గర నేర్చుకున్నాడు కనుక, అవసరం పడిన క్షణంలో అస్త్రం గుర్తురాదని గురువు శాపం. వాన్స్ మాంత్రికుడు వాడాక మరుస్తాడు, కర్ణుడు వాడబోయేముందు మరుస్తాడు. రెండింటిలోనూ విద్య ఉండేది జ్ఞాపకంలోనే. కానీ కర్ణుడి మరుపు వెనుక అతను చేసిన తప్పొకటి ఉంది, ఆ తప్పు వెనుక సూతుడి కొడుకుకు విద్య చెప్పని లోకం ఉంది. నియమం వెనుక మనిషి బతుకు కనబడితే ఆ నియమం మనసులోంచి పోదు.

అమెరికా రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో రాసిన ఒక సూత్రం ఇప్పుడు ఈ రంగంలో అందరి నోటా వినిపిస్తుంది. కథలోని చిక్కును మంత్రంతో విప్పాలంటే, ఆ మంత్రం ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందుగానే అర్థమై ఉండాలన్నది దాని సారం. శక్తి కంటే దాని పరిమితులే ఎక్కువ ముఖ్యమన్నది ఆయనదే మరో సూత్రం. మంచి సూత్రాలు. మన సినిమావాళ్లు వాటిని ఎప్పుడో ఆచరించారు. 1957 నాటి మాయాబజార్‌లో పింగళి నాగేంద్రరావు, కె.వి.రెడ్డి సత్యపీఠాన్ని మొదటి భాగంలోనే తెచ్చిపెట్టారు. దాని మీద నిలబడినవాడు నిజం చెప్పక తప్పదని ప్రేక్షకుడు సరదాగా నేర్చుకుంటాడు. చివర శకుని ఆ పీఠం మీద కాలు పెట్టేసరికి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. 1951 నాటి పాతాళభైరవిలోనూ మాంత్రికుడు కథానాయకుడు రాముణ్ణి బలి ఇవ్వాలనే తీసుకుపోతాడు. రాముడు ఆ నియమం తెలుసుకుని మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. సైంధవుడి తండ్రి కథకు అది దగ్గరి చుట్టం.

మళ్లీ నెల్లూరికి వద్దాం. తిక్కన చుట్టూ ఉన్నవాళ్లలో కేతన ముఖ్యుడు. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితాన్ని తెలుగు చేసి తిక్కనకే అంకితమిచ్చాడు, అభినవదండి అనిపించుకున్నాడు. ఆ కథల్లో అపహారవర్మ అనే దొంగ ఒక తోలుసంచి గురించి పుకారు పుట్టిస్తాడు. పూజించి పెడితే తెల్లారేసరికి బంగారం నిండుతుందట. కానీ దానికో షరతు పెడతాడు: అన్యాయంగా సంపాదించినదంతా ముందు ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. కామమంజరి అనే వేశ్య ఆ సంచి మీద ఆశతో, తాను దోచుకున్నవాళ్ల సొమ్మంతా తిరిగి అప్పగిస్తుంది. సంచిలో ఏ మహిమా లేదు. మహిమ అంతా షరతులోనే ఉంది. కల్పిత మాయకు సరైన నియమం పెడితే అది నిజం మనుషుల చేత నిజమైన పని చేయిస్తుందని ఇంత గట్టిగా చూపిన కథ ఇంకోటి నేను చదవలేదు. ఆటలు రాసేవాళ్లు గోడకు రాసిపెట్టుకోవలసిన కథ.

ఇదే కేతన తెలుగులో మొదటి వ్యాకరణాల్లో ఒకటైన ఆంధ్రభాషాభూషణం రాశాడు. ధర్మశాస్త్ర గ్రంథం మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. అంటే భాషకూ న్యాయానికీ నియమాలు రాసిన చెయ్యే ఈ మాయల కథ కూడా రాసింది. తిక్కన అయితే రాజ్యం నడిపిన మంత్రి. దాయాదులు మనుమసిద్ధి గద్దె లాక్కున్నప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెప్పుకుంటారు. ఆ గణపతిదేవుడే 1244లో, తీరం వెంబడి ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా మునుపటి రాజులు లాక్కునేవాళ్లు. తాను సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని రాజు రాతి మీద రాయించాడు. చేతిలో ఉన్న బలానికి బలవంతుడే గీత గీసుకున్న కాలం అది. అస్త్రాల షరతులు ఈ మంత్రికి, ఈ పాఠకులకు కొత్త కావని నా నమ్మకం.

మనవాళ్లు ఆటల్లోకి దిగుతున్నారు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే ఆట తెచ్చింది. పుణె నుంచి 2020లో రాజి వచ్చింది. మన పురాణాల బొమ్మలూ రంగులూ తెర మీదికి వస్తున్నాయి. ఇక రావలసింది వాటి నియమాలు. అస్త్రం పేరు బ్రహ్మాస్త్రం అని పెట్టి, లోపల అదే నీలి గీత, అదే పది సెకన్ల విరామం పెడితే అది మన ఆట అవుతుందా?

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. నెల్లూరు తీరాన్ని ఆటస్థలంగా పెట్టుకునేవాళ్లకు ఒక ప్రలోభం ఎదురవుతుంది. పులికాట్ చుట్టుపక్కల, శ్రీహరికోట అడవుల్లో యానాదులు ఉన్నారు. పాములు తెలుసు, మూలికలు తెలుసు, ఏ కాలంలో ఏ వాగులో ఏ చేప దొరుకుతుందో తెలుసు. రాకెట్ కేంద్రం వచ్చాక శ్రీహరికోట దీవిలోని తమ పల్లెలు వదులుకోవలసి వచ్చినవాళ్లు. పాశ్చాత్య ఆటల్లో అడవి మనుషులంటే మంత్రగాళ్లు, డప్పుల చప్పుళ్లు, పుర్రెలు. ఆ అచ్చులో యానాదుల్ని పోసేయడం చాలా తేలిక, అంతే అన్యాయం. పాముకాటుకు మందు తెలిసినవాడిది తరతరాల అనుభవం. దానికి మంత్రాల పట్టికలో చోటు ఇస్తే ఆ చదువును చదువు కాదన్నట్టే. ఆటలో యానాది పాత్ర ఉండాలి, ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాడిగా ఉండాలి. మాయలు దేవతలకూ అసురులకూ వదిలేద్దాం.

నా దృష్టిలో భారతంలోని హద్దులన్నిటికీ మీద నిలిచేది సౌప్తికపర్వంలో ఉంది. నిద్రపోతున్నవాళ్లను నరికిన అశ్వత్థామ, పాండవులు వెంట తరిమేసరికి, గడ్డిపోచ మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వేశాడు. మనుషుల మీద వెయ్యవద్దని చెప్పి మరీ ద్రోణుడు నేర్పిన అస్త్రం. అర్జునుడు దానికి అదే అస్త్రం ఎదురు వేశాడు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి ఉపసంహరించమన్నారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అతను వ్రతం తప్పనివాడు. వ్రతం లేనివాడు వెనక్కి తీసుకోబోతే అది వాడి తలే తీస్తుంది. అశ్వత్థామకు వెయ్యడమే వచ్చు, తిప్పుకోవడం రాదు. దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. ఆటల్లో వెయ్యడం ఒక విద్య, వెనక్కి తీసుకోవడం ఇంకో విద్య అని విడదీసిన నియమాలు చాలా అరుదు. విడదీస్తే ఏమవుతుందో చూడండి. శక్తి రెండు పక్షాలకూ సమానంగా ఉంది, నిగ్రహం ఒక్కరికే ఉంది. కథ మొత్తం ఆ తేడా మీద నిలబడింది.

అక్కడే ఇంకో షరతు ఉంది. బ్రహ్మశిరాన్ని మరో అస్త్రంతో అణచివేసిన చోట పన్నెండేళ్లు వాన పడదు. వేసినవాడికి అంకెలు తగ్గవు, ఎదుటివాడికి దెబ్బ తగలదు. దేశానికి కరువు వస్తుంది. నివెన్ కథలో మంత్రాలు మంత్రశక్తినే తాగేస్తే, ఇక్కడ అస్త్రం వానల్ని తాగేస్తుంది.

నెల్లూరు ఆట రాయాలంటే నేను ఇక్కడినుంచే మొదలుపెడతాను. పన్నెండేళ్ల కరువు అంటే ఏమిటో ఈ నేలకు తెలుసు. తిక్కన కాలంలోనే జరిగిన కథ ఒకటి కొమ్ములవాళ్లు తరాలుగా పాడుతూ వచ్చారు, కాటమరాజు కథ. పైన మెట్టసీమలో వానలు లేక పశువులు చచ్చిపోతుంటే, యాదవ నాయకుడు కాటమరాజు తన మందల్ని నెల్లూరు పచ్చికకు తోలుకొచ్చాడు. మనుమసిద్ధితో పుల్లరి ఒప్పందం చేసుకున్నాడు, మేపుకున్నందుకు కోడెదూడలు ఇవ్వాలి. ఒప్పందం చెడింది. ఎర్రగడ్డపాడులో యుద్ధం జరిగింది. తిక్కన దాయాది సోదరుడు ఖడ్గతిక్కన అందులో నేలకొరిగాడు.

ఆ కరువు ఎలా వచ్చిందని ఆటలో ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. ఎక్కడో ఉత్తరాన ఇద్దరు వీరులు ఎదురెదురుగా అస్త్రాలు వేసుకున్నారు. ఆటగాళ్లలో ఒకడి చేతికి బ్రహ్మశిరం ఇవ్వండి. ఎదుటివాడి బ్రహ్మశిరం మీద వెయ్యమనండి, దాన్ని అణచి గెలవనివ్వండి. ఆ వెంటనే ఆటపటం మీద పెన్నా కాలువలు చెరిపేయండి, చెరువులకు నల్లరంగు వేయండి. ఆట సాగేకొద్దీ మందలు దిగుతాయి, పుల్లరి తగాదాలు వస్తాయి, కోవూరు రైతు తలుపు తట్టి విత్తనాలు అప్పడుగుతాడు. ప్రతి ఊళ్లోనూ మొదట ఎదురయ్యే ప్రశ్న ఎన్నేళ్లయిందని. ఏళ్ల లెక్క కథ నడిపేవాడు పెట్టకూడదు. అస్త్రం వేసిన ఆటగాడే తన కాగితం మీద పన్నెండు గళ్లు గీసుకుని, గడిచిన ఏటికి ఒకటి చొప్పున కొట్టేసుకోవాలి.